తెర మీద జాబ్ బాగుందంటే ఏం బాగున్నట్టు?

"గ్రాఫిక్‌లో బాగానే వచ్చింది కదా, మరి జాబ్ ఎందుకు పోయింది?" ప్రోగ్రామ్ ప్రకారం మెటల్ కోసే సీఎన్‌సీ మెషిన్ల దగ్గర తరచూ వినపడే ప్రశ్న ఇది. జాబ్ అంటే కోసి తయారుచేసే ముక్క, గ్రాఫిక్ అంటే కోయకముందే ఆ కోతని మెషిన్ కంట్రోల్ తెర మీద చూపించే బొమ్మ. మెషిన్‌ని పనికి సిద్ధం చేసే సీనియర్ సెట్టర్ పక్కనుంచి ఇచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే: "గ్రాఫిక్‌ని నమ్ముకుంటే ఇంతే, డ్రై రన్ చేసుకోవాలి." అంటే మెటల్ కోయకుండా ప్రోగ్రామ్‌ని మెషిన్ మీద నడిపి చూడాలని. నాకు ఆ ప్రశ్నా సరైనదిగా అనిపించదు, ఈ జవాబూ సరైనదిగా అనిపించదు. కంట్రోల్ తెర మీద కనిపించే జాబ్ అబద్ధం ఆడదు. ఫలానా బ్లాంక్‌ని (కోతకి ముందున్న ముడి ముక్కని) ఫలానా టూల్‌తో ఫలానా ప్రోగ్రామ్ ప్రకారం కోస్తే ఏం మిగులుతుందో లెక్కగట్టి చూపిస్తుంది, అంతే. ఈ మూడింటిలో మనం ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసేది ప్రోగ్రామ్ ఒక్కటే. బ్లాంక్ లైన్లు పాత ప్రోగ్రామ్ నుంచి కాపీ అయిపోతాయి. టూల్ కొలతలు నింపే టూల్ టేబుల్‌లో పొడవు, రేడియస్ తప్ప మిగతా గడులు ఖాళీగా ఉండిపోతాయి.

బ్లాంక్ కొలతలూ టూల్ కొలతలూ ప్రోగ్రామ్‌లో భాగమేనని నా వాదన. జీ కోడ్ (మెషిన్‌కి ఇచ్చే ఆదేశాలు) రాసేటప్పుడు ఎంత జాగ్రత్త పడతామో వాటి విషయంలోనూ అంత జాగ్రత్త పడాలి. అలా పడనప్పుడు గ్రాఫిక్ ముందు నిలబడి గడిపే పది నిమిషాలూ వృథా. పడితే మాత్రం, సైకిల్ స్టార్ట్ నొక్కకముందు దొరికే తనిఖీల్లో దాని అంత చవకైనది ఇంకొకటి లేదు.

గీతల గ్రాఫిక్, సాలిడ్ గ్రాఫిక్

రెండు రకాల గ్రాఫిక్‌లనూ ఒకే గాటన కట్టడం వల్ల చాలా గందరగోళం వస్తోంది. ఒకటి టూల్ నడిచే దారిని గీతలుగా చూపించేది. రెండోది బ్లాంక్‌లోంచి మెటల్ తీసేస్తూ జాబ్ ఆకారాన్ని చూపించే సాలిడ్ వ్యూ. ఇది కొత్తేమీ కాదు, 1980లలో వచ్చిన హైడెన్‌హైన్ కంపెనీ కంట్రోల్ టీఎన్‌సీ 155లోనే జాబ్‌ని గ్రాఫిక్‌గా చూసే వీలుండేది. అయినా నేటికీ చాలా మెషిన్ల మీద గీతల గ్రాఫిక్ ఒక్కటే ఉంటుంది, దాన్ని తీసిపారేయక్కర్లేదు.

గీతల్లో బాగా పట్టుబడేది దశాంశ బిందువు తప్పు. ఫానుక్ కంట్రోల్‌లో 3401 పారామీటర్ (మెషిన్ సెట్టింగ్) మొదటి బిట్ (#0) సున్నాగా ఉంటే, బిందువు లేకుండా ఎక్స్50 అని రాసినప్పుడు అది 50 మి.మీ. కాదు, 0.050 మి.మీ. గీత ఒక్కసారిగా ఎక్స్ సున్నా దగ్గరికి లాగేసుకుపోతుంది, కంటికి ఇట్టే తెలుస్తుంది. లోతు దిశ అయిన జెడ్‌లో అదే తప్పు జరిగితే వేరే కథ. జెడ్-12. అని ఉండాల్సిన చోట బిందువు పోతే లోతు 0.012 మి.మీ. అవుతుంది. పైనుంచి చూసే వ్యూలో గీతలన్నీ సరిగ్గానే ఉంటాయి, ఏ తేడా కనపడదు. ముందు నుంచి, అంటే ఎక్స్-జెడ్ వ్యూలో చూస్తేనే పాకెట్ (జాబ్‌లో కోసే గుంట) గీతలు జెడ్ సున్నాకి అతుక్కుపోయి కనిపిస్తాయి. ఒక్క పైవ్యూ చూసి "ఓకే" అనేవాళ్లకి ఈ తప్పు దొరకదు.

గీతల్లో మాత్రమే కనపడి సాలిడ్‌లో కనపడనివి కూడా ఉన్నాయి. ప్రోగ్రామ్ చివర జీ91 జీ28 జెడ్0 రాయాల్సింది జీ90 జీ28 జెడ్0 అయిందనుకుందాం. జీ28 టూల్‌ని మెషిన్ స్థిర స్థానమైన రిఫరెన్స్‌కి పంపుతుంది; జీ91 అంటే ఉన్నచోటు నుంచి కొలత, జీ90 అంటే సున్నా నుంచి కొలత. మొదటిదైతే టూల్ ఉన్నచోటు నుంచి నేరుగా రిఫరెన్స్‌కి లేస్తుంది. రెండోదైతే ముందు వర్క్ కోఆర్డినేట్‌లో (జాబ్‌కి మనం పెట్టుకున్న కొలతల్లో) జెడ్ సున్నాకి ర్యాపిడ్‌లో, అంటే కోయని కదలికకి వాడే గరిష్ఠ వేగంతో దిగి, ఆ తర్వాత లేస్తుంది. జెడ్ సున్నా జాబ్ పై ముఖం మీద ఉండి, టూల్ ఫినిష్ అయిన ముఖానికి సరిగ్గా పైన ఎత్తులో ఆగి ఉంటే, సాలిడ్ వ్యూలో టూల్ ముఖాన్ని తాకి పైకి లేస్తుంది. తీసిన మెటల్ సున్నా, కాబట్టి బొమ్మలో గీటు కూడా పడదు. అదే ప్రోగ్రామ్‌ని ఎక్స్-జెడ్ వ్యూలో గీతలుగా చూస్తే, చివర్లో కిందికి దిగిన నిలువు గీత ఒకటి ఎక్కువగా కనిపిస్తుంది. జెడ్ సున్నాని జాబ్ అడుగున పెట్టుకునే ఫిక్చర్లలో (జాబ్‌ని పట్టి ఉంచే అమరికల్లో) ఇదే తప్పు జాబ్‌లోంచి నిలువునా దిగిపోతుంది. అక్కడైతే సాలిడ్ వ్యూ కూడా పెద్ద గొయ్యి చూపించి పట్టిస్తుంది. ఒకే తప్పు, సున్నా ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి ఒకచోట దాక్కుంటుంది, ఇంకోచోట బయటపడుతుంది.

ఇంకో మాట. ఫానుక్‌లో 1401 పారామీటర్‌లో సరళరేఖ పొజిషనింగ్ బిట్ ఆన్‌లో లేకపోతే, జీ00లో, అంటే ర్యాపిడ్‌లో, ప్రతి యాక్సిస్ తన గరిష్ఠ వేగంతో తాను వెళ్తుంది. ఎక్స్ 200, వై 50 వెళ్లాలంటే ముందు రెండూ కలిసి 45 డిగ్రీల దగ్గర్లో వెళ్లి, వై ఆగిపోయాక ఎక్స్ ఒక్కటే సాగుతుంది. దారి మధ్యలో విరిగినట్టుంటుంది. బొమ్మలో ఈ కదలికని తిన్నటి గీతగా గీసే కంట్రోల్ అయితే, ఆ గీతకి పక్కనున్న క్లాంప్ (జాబ్‌ని నొక్కిపట్టే బిగింపు) క్షేమంగా ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకే క్లాంప్‌ల మధ్యలోంచి వంకరగా ర్యాపిడ్ దాటించే ప్రోగ్రామ్‌ని గ్రాఫిక్ చూసి ఒప్పుకోకూడదు. పైకి లేపి దాటించడమే పద్ధతి.

బ్లాంక్‌ని ఫినిష్ సైజుకే ఇస్తే

హైడెన్‌హైన్‌లో బ్లాంక్ అంటే రెండు లైన్లు. బీఎల్‌కే ఫార్మ్ 0.1లో స్పిండిల్ యాక్సిస్, కనిష్ఠ బిందువు ఉంటాయి. 0.2లో గరిష్ఠ బిందువు. సీమెన్స్ కంట్రోల్‌లో ఆ పని వర్క్‌పీస్ అనే కమాండ్‌ది. సీమెన్స్‌దే అయిన షాప్‌మిల్‌లో ప్రోగ్రామ్ హెడర్‌లోనే గడులుంటాయి. ఏ కంట్రోల్‌లోనైనా నింపడానికి నిమిషం చాలు. అంత తేలిక కాబట్టే ఎవరూ ఆలోచించి నింపరు. డ్రాయింగ్‌లో 120, 80, 25 అని ఉంటే బ్లాంక్ కూడా 120, 80, 25. జెడ్ -25 నుంచి 0 దాకా. చూడటానికి ముచ్చటగా ఉంటుంది.

కానీ వైస్‌లో బిగించబోయే ముక్క అది కాదు. రంపంతో కోసి తెచ్చిన ముక్క 126, 86, 29 ఉంటుంది. ప్రతి పక్కా 3, పైన 1.5, అడుగున 2.5 అదనం. అంటే బ్లాంక్‌గా ఇవ్వాల్సింది ఎక్స్ -3 నుంచి 123, వై -3 నుంచి 83, జెడ్ -27.5 నుంచి +1.5. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చూద్దాం. ఫేసింగ్‌కి (పై ముఖాన్ని చదును చేసే కోతకి) ముందు ఏదో ఒక చోట టూల్‌ని జీ00లో జెడ్ +1 ఎత్తున జాబ్ మీదుగా దాటించారనుకోండి. బ్లాంక్ జెడ్ సున్నాకే ఆగిపోతే, తెర మీద టూల్ 1 మి.మీ. ఖాళీతో హాయిగా దాటిపోతుంది. నిజం బ్లాంక్ ఇస్తే, అదే టూల్ అదే ప్రోగ్రామ్‌తో 0.5 మి.మీ. లోతు గాడి కోసుకుంటూ పోవడం కనిపిస్తుంది. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మారలేదు, తప్పు మాత్రం బయటపడింది.

పక్కల నుంచి కూడా ఇదే ప్రమాదం. 12 మి.మీ. ఎండ్ మిల్‌తో (పక్కలతోనూ కోసే టూల్‌తో) బయటి కాంటూర్, అంటే అంచు చుట్టూ కోత, మొదలుపెట్టడానికి టూల్ సెంటర్‌ని ఎక్స్ -8కి తెచ్చి, అక్కడ జీ00లో జెడ్ -10కి దింపారు. టూల్ అంచు ఎక్స్ -2 దగ్గరుంది. ఫినిష్ సైజు బ్లాంక్ ఇస్తే 2 మి.మీ. ఖాళీ. నిజం ముక్క ఎక్స్ -3 దాకా ఉంది కాబట్టి, టూల్ 1 మి.మీ. మెటల్‌లోకి ర్యాపిడ్‌లో నిలువునా దిగుతుంది. కార్బైడ్ టూల్ అయితే మూల చిట్లిపోతుంది. అసలు బాధ ఆ తర్వాతే మొదలవుతుంది. చిట్లిన మూలతోనే టూల్ మిగతా కాంటూర్ అంతా తిరిగేస్తుంది. జాబ్ మీద ఫినిష్ బాగా రాలేదని ఫీడ్, స్పీడ్ మారుస్తూ కూర్చుంటారు, దిగిన చోటు మీదికి అనుమానమే పోదు.

ర్యాపిడ్‌లో మెటల్ తగిలితే వేరే రంగులో చూపించడమో, హెచ్చరించడమో చేసే వీలు కొన్ని కొత్త కంట్రోళ్లలో ఉంది. మంచి సదుపాయమే. కానీ బ్లాంక్ ఫినిష్ సైజుకే ఇచ్చినప్పుడు ఆ హెచ్చరిక రాదు, ఎందుకంటే తగలడానికి అక్కడ మెటలే లేదు. సదుపాయం ఎంత కొత్తదైనా ఆధారపడేది మళ్లీ ఆ రెండు లైన్ల మీదే.

రంపం కోత ఎప్పుడూ చదరంగా ఉండదని కూడా గుర్తుపెట్టుకోవాలి. నాలుగు మూలలూ కొలిచి వాటిలో పెద్ద కొలతే బ్లాంక్‌గా ఇవ్వాలి, సగటు పనికిరాదు. కాస్టింగ్ (పోత ముక్క) అయితే గేటు, అంటే లోహం పోసిన దారి కోసేసిన చోటా, అచ్చు సగాలు కలిసే పార్టింగ్ లైన్ మీదా మిగిలే ఎత్తు కూడా కలుపుకోవాలి. 3డీ ఆకారాన్ని దాచే ఎస్‌టీఎల్ ఫైల్‌ని బ్లాంక్‌గా తీసుకునే కంట్రోల్ ఉంటే కాస్టింగ్ మోడల్ నేరుగా ఇవ్వొచ్చు. లేకపోతే పెట్టె ఆకారమే గతి. పెట్టె కాస్త పెద్దదిగా ఉన్నా ఫర్వాలేదు. లేని మెటల్ కోసినట్టు కనిపించడం వల్ల నష్టం లేదు. ఉన్న మెటల్ కనిపించకపోవడం వల్లే నష్టం.

రెండో సెటప్‌లో ఖాళీ పెట్టె

ఇక్కడే అందరికన్నా జాగ్రత్తపరులు కూడా దెబ్బతింటారు. మొదటి వైపు పని అయ్యాక ముక్కని తిప్పి బిగిస్తాం. రెండో ప్రోగ్రామ్‌కి బ్లాంక్‌గా మళ్లీ నిండు పెట్టెనే ఇస్తాం. 25 మందం ఉన్న జాబ్‌లో మొదటి వైపు పాకెట్ 14 లోతు, రెండో వైపు 9. మధ్యలో 2 మి.మీ. గోడ మిగలాలి. డ్రాయింగ్ రివిజన్‌లో మొదటి వైపు లోతు 16కి మారింది, రెండో వైపు 7కి తగ్గించడం ఎవరో మరిచిపోయారు. 16, 9 కలిపితే 25. గోడ లేదు. నిండు పెట్టెతో సిమ్యులేట్ చేస్తే రెండు ప్రోగ్రామ్‌లూ విడివిడిగా అందంగానే ఉంటాయి. రెండూ కలిసే చోటు ఏ తెర మీదా రాదు.

సిమ్యులేషన్‌లో తయారైన జాబ్‌ని ఎస్‌టీఎల్‌గా దాచుకునే వీలు కొన్ని కంట్రోళ్లలో ఉంది. దాన్ని తిప్పి రెండో సెటప్‌కి బ్లాంక్‌గా ఇస్తే అడుగు చిల్లు పడటం వెంటనే కనపడుతుంది. ఆ వీలు లేకపోతే ఇంకో దారి: రెండో ప్రోగ్రామ్ సిమ్యులేట్ చేసేటప్పుడు మాత్రం బ్లాంక్ అడుగు భాగాన్ని మొదటి పాకెట్ ఫ్లోర్ ఎత్తుకి పైకి జరిపి ఇవ్వాలి. పై ఉదాహరణలో రెండో వైపు పై ముఖం జెడ్ సున్నా అయితే, మొదటి పాకెట్ ఫ్లోర్ జెడ్ -9 దగ్గరుంటుంది. బ్లాంక్ అడుగు -9 అని ఇవ్వండి. 9 లోతు పాకెట్ ఆ పెట్టెని దాటుకుని కిందికి తెరుచుకోవడం, జాబ్‌ని తిప్పి అడుగు నుంచి చూస్తే తెలిసిపోతుంది. మోటు పద్ధతే, కానీ పని చేస్తుంది.

టూల్ టేబుల్‌లో ఖాళీ గడులు

10 మి.మీ. డ్రిల్, 118 డిగ్రీల టిప్. టిప్ పొడవు 5ని 59 డిగ్రీల టాంజెంట్‌తో భాగిస్తే వస్తుంది, దాదాపు 3 మి.మీ. 25 మందం ప్లేట్‌లో త్రూ హోల్ కావాలంటే జెడ్ -25 చాలదు. టిప్ 3, బర్ర్ తెగడానికి ఇంకో 1, మొత్తం -29 దాకా వెళ్లాలి. టూల్ టేబుల్‌లో టిప్ కోణం గడి ఖాళీగా ఉంటే కంట్రోల్ ఆ డ్రిల్‌ని చదునైన అడుగున్న స్థూపంలా గీస్తుంది. జెడ్ -25కే హోల్ అడుగు దాకా తెరుచుకున్నట్టు చూపిస్తుంది. మెషిన్ మీద టిప్ మాత్రం ప్లేట్ అడుగుని అప్పుడే తాకి ఉంటుంది, హోల్ అడుగున శంకువు మిగిలిపోతుంది. తర్వాత వచ్చే ట్యాప్ (మర కోసే టూల్) అక్కడ దిగబడుతుంది. 140 డిగ్రీల కార్బైడ్ డ్రిల్ అయితే టిప్ 1.8 మి.మీ. దగ్గర్లో ఉంటుంది. అంటే డ్రిల్ రకం మార్చినప్పుడల్లా ఆ గడి కూడా మారాలి.

ఎండ్ మిల్‌లో కట్టింగ్ లెంత్ గడి ఇలాంటిదే. హైడెన్‌హైన్ టేబుల్‌లో దాని పేరు ఎల్‌కట్స్. 12 మి.మీ. టూల్‌కి పన్ను 26 మి.మీ. దాకానే ఉండి, పాకెట్ 40 లోతు ఉంటే, గోడని ఒకేసారి పూర్తి లోతులో ఫినిష్ చేసేటప్పుడు పన్ను లేని శాంక్ గోడకి ఒరుసుకుంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే కంట్రోల్‌కి టూల్ మొత్తం పళ్లే. బాల్‌నోస్‌కి (గుండ్రటి కొన ఉన్న టూల్‌కి), కార్నర్ రేడియస్ ఉన్న టూల్‌కి రేడియస్ గడి నింపకపోతే రెండూ ఫ్లాట్ ఎండ్ మిల్ లాగే కోస్తాయి. సర్ఫేస్ ఫినిషింగ్ బొమ్మ అంతా తప్పుగా వస్తుంది. ఇది కాస్త కొట్టొచ్చినట్టు కనపడుతుంది కాబట్టి ఎవరో ఒకరు సరిచేస్తారు. డ్రిల్ టిప్‌కి ఆ అదృష్టం ఉండదు.

టూల్‌ని పట్టుకునే హోల్డర్ సంగతి మరీ అన్యాయం. దానిలో టూల్‌ని బిగించే ఈఆర్32 సైజు కాలెట్ నట్ బయటి వ్యాసం 50 మి.మీ. అందులో 12 మి.మీ. టూల్ ఉంటే, టూల్ అంచు నుంచి నట్ అన్ని వైపులా 19 మి.మీ. బయటికి వచ్చి ఉంటుంది. టూల్ 45 మి.మీ. బయటికి పెట్టి 40 లోతు పాకెట్ కోస్తే, అడుగుకి చేరినప్పుడు నట్ పాకెట్ పై అంచుకి 5 మి.మీ. ఎత్తులో తిరుగుతుంది. పాకెట్ గోడ బయట 19 మి.మీ. దూరంలోపు 5 మి.మీ. కన్నా ఎత్తైన స్టెప్పో బాసో (పైకి పొడుచుకొచ్చిన భాగమో) ఉంటే తగిలి తీరుతుంది. హోల్డర్ ఆకారం ఇవ్వగలిగిన కంట్రోల్ అయితే ఇచ్చి తీరాలి. ఇవ్వలేనిదైతే ఒక ఉపాయం ఉంది. సిమ్యులేషన్ కోసం మాత్రమే 50 వ్యాసంతో ఒక డమ్మీ టూల్ పెట్టి, జెడ్‌ని 45 పైకి జరిపి అదే ప్రోగ్రామ్ నడపండి. రేడియస్ కాంపెన్సేషన్ వాడే ప్రోగ్రామ్ అయితే కాంపెన్సేషన్ 6 మి.మీ.కే ఉండేలా చూసుకోవాలి, లేకపోతే దారే మారిపోతుంది. ఆ డమ్మీ ఫినిష్ జాబ్ పై భాగంలో ఎక్కడైనా మెటల్ తీస్తే, అక్కడ నట్ తగులుతుంది.

కంట్రోల్ ఎన్నటికీ చూపించలేనిది ఒకటుంది. టీ5 పిలిచి జీ43 హెచ్6 రాశారు. అంటే టూల్ నంబర్ 5, కానీ పొడవు మాత్రం 6వ గడిలోది తీసుకోమని చెప్పారు. టూల్ 5 నిజమైన పొడవు 142, హెచ్6లో ఉన్న విలువ 118. కంట్రోల్ హెచ్6నే నమ్ముతుంది. టిప్ జెడ్ +5 దగ్గరుందనుకుంటుంది, తెర మీద కూడా అక్కడే గీస్తుంది. మెషిన్ మీద టిప్ 24 మి.మీ. కింద, జెడ్ -19లో ఉంటుంది. దీన్ని గ్రాఫిక్ లోపం అనలేం. మనం చెప్పిన పొడవునే అది మనకి తిరిగి చూపించింది. జీ54 (మెషిన్ మీద జాబ్ సున్నా స్థానం) తప్పుగా సెట్ చేయడం, టూళ్లు ఉంచే మ్యాగజైన్‌లో ఒక టూల్ బదులు ఇంకొకటి పెట్టడం కూడా ఈ కోవలోవే.

పిక్సెల్‌కి ఎంత మెటల్

600 మి.మీ. పొడవున్న ప్లేట్‌ని 800 పిక్సెళ్ల వెడల్పున్న కిటికీలో చూస్తే ఒక పిక్సెల్ 0.75 మి.మీ.తో సమానం. లోపల మోడల్ ఎంత నున్నగా లెక్కించినా, కంటికి చేరేది అంతే. మోడల్ నాణ్యత తక్కువలో పెడితే ఆ లెక్క కూడా మొరటుగానే ఉంటుంది. ఎక్కువలో పెడితే సిమ్యులేషన్ నెమ్మదిస్తుంది. 0.2 లోతు ఎన్‌గ్రేవింగ్, 0.3 చాంఫర్ ఇలాంటి చోట కనపడకపోతే ప్రోగ్రామ్ తప్పని కంగారు పడక్కర్లేదు, కనపడలేదు కదా అని ఊరుకోనూ కూడదు. బ్లాంక్‌ని తాత్కాలికంగా ఆ ఫీచర్ చుట్టూ 40 మి.మీ. చదరానికి కుదించి మళ్లీ నడపండి. 40ని 800తో భాగిస్తే పిక్సెల్‌కి 0.05 మి.మీ. మిగతా ప్లేట్ మీద కదలికలు గాలిలో జరుగుతాయి, కావలసిన చోటు పెద్దగా వస్తుంది. చూశాక బ్లాంక్‌ని పాత కొలతలకి మార్చడం మరవకండి.

అయినా కంటికి అందని తేడాలు ఉంటాయి. డ్రాయింగ్‌లో పాకెట్ మూల రేడియస్ 5, టూల్ 12 మి.మీ. వచ్చేది రేడియస్ 6. మూల ఐమూలగా 0.41 మి.మీ. మెటల్ ఎక్కువ మిగులుతుంది. తెర మీద గుండ్రటి మూల గుండ్రంగానే ఉంటుంది, 5కీ 6కీ తేడా ఎవరి కంటికీ ఆనదు. జతపడాల్సిన భాగం ఆ మూలలో కూర్చోదు. ఫినిష్ మోడల్‌తో పోల్చి మిగిలిన మెటల్‌ని రంగులో చూపించే సదుపాయం ఉంటే ఇది బయటపడుతుంది. లేని చోట డ్రాయింగ్‌లో అతి చిన్న లోపలి రేడియస్ ఏదో ముందే గుర్తించి, టూల్ లిస్టుతో సరిచూసుకోవడం తప్ప దారి లేదు. గ్రాఫిక్‌ని ఇక్కడికి తేవడమే పొరపాటు.

క్యామ్‌లో చూశాం కదా అనే వాదన

క్యామ్‌లో చూశాక కంట్రోల్‌లో మళ్లీ చూడటం ఎందుకన్నది బలమైన వాదనే, పక్కన పెట్టేది కాదు. కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ తయారుచేసే క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో హోల్డర్, ఫిక్చర్, మెషిన్ టేబుల్ అన్నీ ఉంటాయి. మోడల్‌తో పోలికా ఉంటుంది. కంట్రోల్ గ్రాఫిక్ దాని ముందు దిగదుడుపే. కానీ చాలా చోట్ల క్యామ్‌లో చూసేది పోస్ట్ ప్రాసెసర్‌లోంచి (దారిని జీ కోడ్‌గా మార్చే భాగంలోంచి) బయటికి రాకముందు ఉన్న టూల్ పాత్‌ని. మెషిన్‌కి వచ్చేది పోస్ట్ రాసిన జీ కోడ్. ఆర్క్ ముగింపు బిందువు గుండ్రింపులో కాస్త తప్పిందనుకోండి, ఫానుక్‌లో 3410 పారామీటర్‌లో పెట్టిన హద్దు దాటగానే 20 నంబర్ అలారమ్ వస్తుంది. అది క్యామ్‌కి తెలియదు. మెషిన్ దగ్గర ఎవరో ఒక చిన్న మార్పు చేస్తారు, హోల్ ఒకటి కలుపుతారు, జీ98 బదులు జీ99 పెడతారు. ఆ మార్పుల తర్వాత క్యామ్‌లో ఉన్నది పాత ప్రోగ్రామ్. కంట్రోల్ దగ్గరున్నదే నడిచే ప్రోగ్రామ్, అందుకే చివరి చూపు అక్కడే ఉండాలి. జీ98లో టూల్ హోల్ తర్వాత మొదలైన ఎత్తుకి లేస్తుంది, జీ99లో హోల్‌కి దగ్గరగా ఉండే ఆర్ ప్లేన్ దాకానే లేస్తుంది. వాటి విషయానికొస్తే, రెండు హోల్స్ మధ్య టూల్ ఎంత ఎత్తున దాటుతోందో ఎక్స్-జెడ్ వ్యూలో చూసి, ఆ ఎత్తుని దారిలో ఉన్న క్లాంప్ ఎత్తుతో స్కేలు పెట్టి పోల్చుకోవాలి. ఆర్ ప్లేన్ 2 మి.మీ., క్లాంప్ 20 మి.మీ. ఉంటే జీ99 అక్కడ కుదరదు.

డ్రై రన్ చాలంటారు కొందరు. జెడ్ ఆఫ్‌సెట్‌ని 100 మి.మీ. పైకి జరిపి నడిపే డ్రై రన్‌లో టూల్ మార్పులు, యాక్సిస్ లిమిట్లు, మెషిన్ మీద దారి తెలుస్తాయి. మెటల్ మాత్రం తెలియదు. 0.5 మి.మీ. గాడి గాలిలో గాడిలా కనపడదు. పైగా ఆఫ్‌సెట్ లేపకుండా, జాబ్ బిగించి ఉండగా డ్రై రన్ స్విచ్ వేస్తే ప్రోగ్రామ్‌లోని కట్టింగ్ ఫీడ్ పక్కకి పోయి డ్రై రన్ ఫీడ్ వస్తుంది. టూల్ ఆ వేగంతోనే మెటల్‌లోకి వెళ్తుంది. ఒకదానికొకటి బదులు కావు, రెండూ కావాలి.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉంది: ప్రోబింగ్ (మెషిన్ మీదే జాబ్‌ని కొలవడం), మాక్రోలు (షరతులూ వేరియబుల్సూ ఉన్న ప్రోగ్రామ్‌లు). కొలిచిన విలువని బట్టి ప్రోగ్రామ్ దారి మార్చుకుంటే, సిమ్యులేషన్‌లో కొలత ఉండదు కాబట్టి ఒక కొమ్మే నడుస్తుంది. సీమెన్స్‌లో సిమ్యులేషన్ నడుస్తోందా అని ప్రోగ్రామే అడిగి తెలుసుకునే సిస్టమ్ వేరియబుల్ ఉంది. దానితో ప్రోబింగ్ బ్లాకుల్ని దాటేయించడం మామూలు. దాటేశాక తెర మీద చూసినదీ మెషిన్ మీద నడవబోయేదీ ఒకే ప్రోగ్రామ్ కాదు. దీనికి పూర్తి పరిష్కారం లేదు. దగ్గరి దారి ఒకటే: కొలత వచ్చే వేరియబుల్‌లో చేత్తో కనిష్ఠ విలువ పెట్టి ఒకసారి, గరిష్ఠ విలువ పెట్టి ఒకసారి సిమ్యులేట్ చేయడం. అలారమ్ కొమ్మని కూడా ఒకసారి నడిపి చూడాలి. సాధారణంగా ఎవరూ పరీక్షించని కొమ్మ అదే. అందులో టూల్ పైకి లేస్తుందా, ఉన్నచోటే ఆగుతుందా అన్నది ముందే తెలియాలి.

ఎలా చూడాలి

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊపులో నడిపి, చివరి బొమ్మ చూసి తల ఊపడం తనిఖీ కిందికి రాదు. ఫినిషింగ్ టూల్ చేసిన తప్పు కనిపిస్తుందేమో గానీ, రఫింగ్‌లో జరిగిన తప్పుని తర్వాతి టూల్ చెరిపేస్తుంది. ర్యాపిడ్‌లో పడిన 0.5 మి.మీ. గాడి ఫేసింగ్ అయ్యాక బొమ్మలో ఉండదు. అందుకే ప్రతి టూల్ చివర ఆపాలి. ఆపిన ప్రతిసారీ పైవ్యూ, ముందువ్యూ, అడుగు నుంచి ఒకసారి చూడాలి. సెక్షన్ వ్యూ ఉంటే పాకెట్ల మధ్యలోంచి కోసి చూడాలి. ఫేసింగ్‌కి ముందు వచ్చే టూల్ కదలికలు, కాంటూర్ మొదలయ్యే చోట దిగే కదలిక, హోల్స్ మధ్య దాటే ఎత్తు, చివరి జీ28: ఈ నాలుగింటి దగ్గర సింగిల్ బ్లాక్‌లో నడపాలి. మిగతా చోట వేగంగా పోనివ్వొచ్చు.

మెషిన్ నడుస్తుండగా తెర మీద అదే సమయంలో గీసే గ్రాఫిక్ కూడా సీమెన్స్ సినుమెరిక్ లాంటి కంట్రోళ్లలో ఉంది. కూలెంట్ వల్ల లోపల ఏమీ కనపడనప్పుడు టూల్ ఎక్కడుందో తెలుసుకోవడానికి పనికొస్తుంది. తనిఖీకి పనికిరాదు, అది జరిగిపోయినదాన్ని చూపిస్తుంది.

బ్లాంక్ లైన్లని ప్రోగ్రామ్‌తోపాటే దాచండి. వాటి పక్కన కామెంట్‌లో ముడి ముక్క సైజు, జెడ్ సున్నా ఏ ముఖం మీదో, ఏ సెటప్ అన్నది రాయండి. తర్వాతి షిఫ్ట్‌లో వేరే సైజు ముక్క వస్తే మార్చాల్సిందేమిటో ఆ ఒక్క లైను చెబుతుంది. ఇంత చేశాక కూడా తెరకి అందనివి జీ54, హెచ్ నంబర్, మ్యాగజైన్‌లో ఉన్న టూల్. వాటిని మెషిన్ మీదే చూడాలి. మొదటి ముక్కకి ప్రతి టూల్‌నీ జీ43 తర్వాత జెడ్ 100 దగ్గర ఆపేలా ప్రోగ్రామ్‌లో ఎం01 (ఆప్షనల్ స్టాప్) పెట్టి, టూల్ టిప్ నుంచి జెడ్ సున్నా ముఖం దాకా స్కేలు పెట్టి కొలవండి. 100 రావాల్సిన చోట 76 వస్తే, హెచ్ నంబర్ తప్పని అక్కడే తెలిసిపోతుంది.